మహేంద్రగిరికి పిట్టల కోసం వెళ్తుంటే: బరంపురం నుంచి మూడు రోజులు

మీరు అడిగింది ఇదీ. బరంపురంలో ఉంటున్నారు. మీరు, మీవారు, పదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజులు మహేంద్రగిరి వెళ్ళి పక్షుల్ని, జంతువుల్ని చూడాలని ఉంది. అక్కడ సఫారీ ఉందా, ఏనుగులు కనిపిస్తాయా, ఏ బైనాక్యులర్ కొనాలి, అత్తగారిని తీసుకెళ్ళవచ్చా? పైగా ఇదివరకు వెళ్ళొచ్చిన మీ బంధువులు "అక్కడ ఒక్క పిట్ట కూడా లేదు, రాళ్ళూ గుళ్ళే" అన్నారట. ఆ మాటతో మీకు వెళ్ళాలా వద్దా అన్న టెన్షన్ పట్టుకుంది.

అమ్మా, ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మీ బంధువులు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు వెళ్ళిన పద్ధతిలో వెళ్తే ఎవరికీ పిట్టలు కనపడవు. బరంపురంలో టిఫిన్ చేసి బయలుదేరితే కొండ ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. కారు దారిలో ఎక్కడా ఆగదు. గుళ్ళు చూసి, ఫొటోలు దిగి, తెచ్చుకున్న పులిహోర తిని, మూడింటికల్లా దిగుముఖం పడతారు. అడవిలో పిట్టలు చురుగ్గా తిరిగేది తెల్లవారాక మూడు గంటలు, మళ్ళీ సాయంత్రం చివరి గంటన్నర. ఆ రెండు పూటలూ వాళ్ళకు హైవే మీదే గడిచిపోయి ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మహేంద్రగిరిలో పిట్టలకు శిఖరంతో పెద్దగా పనిలేదు. అవి ఉండేది కొండ నడుమ, వాగులు దిగే లోయల్లో. మీరు ఈ ఒక్క మాట పట్టుకుని ప్లాను వేసుకుంటే చాలు, మిగతావన్నీ దానంతట అవే కుదురుతాయి.

ఎందుకో చెబుతాను. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, శ్రీకాకుళం జిల్లా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. తూర్పు కనుమల్లో ఇంత ఎత్తున్న కొండలు చాలావరకు సముద్రానికి దూరంగా ఉంటాయి. ఇది మాత్రం తీరానికి దగ్గరగా నిటారుగా లేచింది. ఆకాశం తేటగా ఉన్న రోజున పైనుంచి బంగాళాఖాతం కనిపిస్తుంది. సముద్రం మీంచి వచ్చే తేమగాలి నేరుగా ఈ కొండకు తగులుతుంది. అందుకే ఇక్కడ వాన ఎక్కువ, మంచు ఎక్కువ. ఆ నీళ్ళన్నీ వాగులై దిగే లోయల్లో ఎండాకాలంలో కూడా ఆకు రాలని చెట్లు దట్టంగా పెరిగాయి. పైన మాత్రం ఈదురుగాలికి చెట్లు ఎదగవు, గడ్డీ బండరాళ్ళే. అడుగున పోడు, జీడితోటలు, ఊళ్ళు. నడుమ ఉన్న పట్టీలో పళ్ళచెట్లూ, పురుగులూ, నీడా, నీళ్ళూ అన్నీ ఒకేచోట ఉంటాయి. పిట్టకు ఇంకేం కావాలి?

ఈ ఉత్తర తూర్పు కనుమల తడి అడవుల గొప్ప ఏమిటంటే, ఈశాన్య రాష్ట్రాల్లోనో, పడమటి కనుమల్లోనో ఉండే కొన్ని జాతులు నడుమ వందల కిలోమీటర్లు ఎక్కడా లేకుండా మళ్ళీ ఇక్కడ కనిపిస్తాయి. అబాట్స్ బాబ్లర్ అని ఒక గోధుమరంగు పిట్ట ఉంది. చూడ్డానికి ఏ ప్రత్యేకతా ఉండదు. పొదల్లోంచి బయటకు రాదు. పిలుపు మాత్రం చక్కటి ఈల. మన దేశంలో దాని అసలు ఇల్లు ఈశాన్యం. ఈ కనుమల్లో ఉన్నది వేరే ఉపజాతి అని 1985లో తేల్చి, ఈ కొండల పక్షుల కోసం పాటుపడిన విశాఖపట్నం కృష్ణరాజుగారి పేరే దానికి పెట్టారు. మన తెలుగువాడి పేరు ఒక పిట్టకు ఉందని మీ పాపకు తప్పకుండా చెప్పండి. ఈ కనుమల్లో వాగు పక్కన పొదలున్న ప్రతిచోటా దాని ఈల కోసం నేను చెవులు రిక్కించుకునే నడుస్తాను.

ఇక మీ సఫారీ ప్రశ్న. సఫారీ లేదు. గేటు దగ్గర టికెట్టు కొని జీపెక్కితే గైడు జంతువుల్ని చూపించే పద్ధతి ఇక్కడ లేదు. మహేంద్రగిరి అభయారణ్యం కాదు, నేషనల్ పార్కూ కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఒడిశా ప్రభుత్వం 2022లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. విస్తీర్ణం 4,250 హెక్టార్లు. అభయారణ్యానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఊళ్ళవాళ్ళ హక్కులు పోవు. ఈ కొండల గిరిజనులైన సవరలు తరతరాలుగా ఏరుకుంటున్న మందుమొక్కలు, తేనె, చీపురుగడ్డి ఇప్పటికీ ఏరుకుంటారు, గుడికి వచ్చేవాళ్ళు వస్తారు, అడవిని కాపాడే బాధ్యత కూడా వాళ్ళతో కలిసే. కాబట్టి మీరు వెళ్ళేది మనుషులు బతుకుతున్న కొండకు. ఈ సంగతి మనసులో ఉంటే అక్కడ ఎలా మెలగాలో వేరే చెప్పక్కర్లేదు.

జంతువుల మీద ఆశ తక్కువగా పెట్టుకోండి. చిరుత, ఎలుగుబంటి, కొండగొర్రె, అడవిపంది ఈ కొండల్లో ఉన్నాయి. కానీ పగటిపూట మనుషులకు కనపడకుండా తిరగడం వాటికి బాగా తెలుసు. గజపతి జిల్లాలోనే లఖారీ లోయ అభయారణ్యం ఉంది, 1985లో ప్రకటించారు, అది ఏనుగుల చోటు. అక్కడి నుంచి వచ్చిన ఏనుగులే శ్రీకాకుళం, పార్వతీపురం వైపు దిగి పొలాల్లో పడుతున్నాయి. పాపకు ఏనుగును చూపించాలనే కోరికతో వాటి జాడ వెతుక్కుంటూ మాత్రం వెళ్ళకండి. దారి తప్పిన ఏనుగుల గుంపు ఎంత బెదిరిపోయి ఉంటుందో, ఎంత ప్రమాదమో సరిహద్దు ఊళ్ళవాళ్ళను అడిగితే చెబుతారు. పాపకు కచ్చితంగా నచ్చేది బెట్టుడత. మామూలు ఉడతకు ఎన్నో రెట్లు పెద్దది. ముదురు ఎరుపు వీపు, పొడవాటి కుచ్చుతోక. చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతుందే కానీ నేలమీదికి దాదాపుగా రాదు. ఉదయం పూట నడుము అడవిలో కొమ్మలు గట్టిగా ఊగుతుంటే ముందు దానికోసం చూడండి. కోతులు కూడా అలాగే ఊపుతాయి, కానీ అవి గుంపుగా ఉంటాయి, ఇది ఒంటరిగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలన్న విషయంలో మీ తేదీలు కొంచెం మార్చమని బతిమాలుతున్నాను. డిసెంబరు 25, జనవరి 1, వాటి మధ్యలో వచ్చే ఆదివారం ఒడిశాలో పిక్నిక్ రోజులు. వాగు ఉన్న ప్రతిచోటా వంట, సౌండ్ బాక్సు. పిట్టలు ఎటో పోతాయి. పాప సెలవులు అప్పుడే కాబట్టి తప్పదంటారా, 26 నుంచి 31 మధ్యలో ఆదివారం తగలకుండా మూడు రోజులు చూసుకోండి. అంతకంటే మంచిది జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు, సంక్రాంతి హడావిడి తగ్గాక. వలస పిట్టలు ఇంకా ఉంటాయి, పొగమంచు తగ్గుతుంది, కొన్ని పిట్టలు పాటలు కూడా మొదలుపెడతాయి. శివరాత్రికి మాత్రం పిట్టల కోసం వెళ్ళొద్దు. ఆ రోజు కొండ దేవుడిది, వేలమంది ఎక్కుతారు. భక్తితో వెళ్ళాలంటే అది వేరే ప్రయాణం, తప్పకుండా వెళ్ళాల్సిందే.

మొదటి రోజు నేరుగా కొండకు పోకండి. హైవే మీద ఇచ్ఛాపురం, పలాస దాటి టెక్కలి వైపు వచ్చి తేలినీలాపురంలో ఆగండి. డిసెంబరులో ఆ ఊరి చెట్లనిండా గూళ్ళే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్య ఉన్న చింతచెట్ల మీద కూడా పిల్లల్ని పెంచుతుంటాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపిల్లలు పురిటికి వచ్చినట్టు చూసుకుంటారు. మీ అత్తగారు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేప తినడం కళ్ళారా చూడవచ్చు. ఒక్క సవరణ. అక్కడ ఎవరైనా ఇవి సైబీరియా నుంచి వచ్చాయి అని చెబితే పాపను నమ్మనివ్వకండి. ఈ రెండూ దక్షిణాసియా పక్షులే, నీళ్ళనూ చేపలనూ బట్టి మన దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయి. నిజంగా ఉత్తరాన ఉన్న ఆ చలి అడవుల నుంచి వచ్చేది గ్రీనిష్ వార్బ్లర్ లాంటి బుల్లిపిట్ట. బరువు పది గ్రాములు కూడా ఉండదు. మర్నాడు దాన్ని మహేంద్రగిరి చెట్లలో చూద్దురుగాని. రెండింటినీ ఒకే ప్రయాణంలో చూస్తే వలస అంటే ఏమిటో పాపకు పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

తేలినీలాపురం నుంచి పర్లాకిమిడి రండి, రాత్రి ఊళ్ళోనే ఉండండి. మా ఊరు కాబట్టి చెబుతున్నాననుకోకండి, తెలుగు మాట్లాడితే చాలు, పని ఎక్కడా ఆగదు. ముందు రోజే అటవీ డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేసి కొండ మీదికి రోడ్డు బాగుందా, అనుమతి ఏమైనా కావాలా, కొండ దగ్గర ఉండడానికి చోటుందా అడగండి. ఒడిశా అటవీ శాఖ నేచర్ క్యాంపుల బుకింగ్ అంతా ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైట్‌లోనే జరుగుతుంది. కొండ దగ్గర గది దొరికితే పట్టణంలో ఉండొద్దు. తెల్లవారుజామున ఆదా అయ్యే రెండు గంటలు చాలా విలువైనవి.

రెండో రోజే అసలు రోజు. ఆ రోజుల్లో సూర్యోదయం ఆరుంపావు దాటాక. వెలుగు వచ్చే వేళకు మీరు నడుము అడవిలో కారు దిగి ఉండాలి. అంటే పర్లాకిమిడిలో నాలుగింటికి కదలాలి. కోయిన్‌పూర్ వైపు వెళ్ళి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక, రోడ్డు వాగును దాటే చోటు చూసుకుని కారు పక్కకు పెట్టించండి. ఇంజను ఆపించండి. తలుపులు మెల్లగా వేయండి. అక్కడి నుంచి రోడ్డు మీదే నడవండి. అడవిలోకి దిగనక్కర్లేదు. రోడ్డు అంచే మంచిది, ఎందుకంటే చెట్ల పైకొమ్మలు మీ కళ్ళ ఎత్తుకు వస్తాయి. మూడు గంటల్లో కిలోమీటరు దూరం నడిస్తే చాలు. అంతకంటే ఎక్కువ నడిచారంటే వేగంగా నడిచినట్టే.

మొదట్లో ఏమీ కనపడదు. పావుగంట నిశ్శబ్దంగా ఉంటుంది. పాప విసుక్కుంటుంది. అప్పుడే వెనక్కి తిరగకండి. ఇంతలో పైనుంచి గట్టి లోహపు కూత ఒకటి వినిపిస్తుంది. అది కొండల్లో ఉండే పసుల పోలిగాడు, నల్లగా నిగనిగలాడుతుంది. తోక చివర రెండు సన్నటి తీగలు వేలాడతాయి, ఆ తీగల కొసల్లో మాత్రమే ఈకలు విచ్చుకుని ఉంటాయి. అది ఎగిరితే వెనక రెండు తుమ్మెదలు తరుముతున్నాయేమో అనిపిస్తుంది. దాన్ని చూడగానే కదలకుండా నిలబడండి. దాని వెంట అరడజను జాతుల పిట్టలు కలిసి వస్తాయి. ముందు మినివెట్లు, మగది నిప్పు ఎరుపు, ఆడది పసుపు. మాను మీద నీలిరంగు నథాచ్ తల కిందికి పెట్టి దిగుతూ వస్తుంది, ముక్కు పగడంలా ఉంటుంది. కింది కొమ్మల్లో నీలి మోనార్క్. ఆకుల మధ్య ఆకులాగే కలిసిపోయిన లీఫ్‌బర్డ్. ఎగిరే పురుగును గాల్లోనే పట్టి మళ్ళీ అదే కొమ్మకు వచ్చి వాలే ఫ్లైక్యాచర్లు, వాటిలో వెర్డిటర్ హిమాలయాల నుంచి వచ్చిన చలికాలపు చుట్టం. ఇవన్నీ కలిసి ఎందుకు తిరుగుతాయంటే, ఒకటి కదిపిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది. ఇన్ని కళ్ళు ఉంటే డేగ రాక ముందే తెలుస్తుంది. కావలి పని ఎక్కువగా పసుల పోలిగాడిదే. ఐదారు నిమిషాల్లో గుంపంతా మిమ్మల్ని దాటి వెళ్ళిపోతుంది, అడవి మళ్ళీ ఖాళీగా ఉంటుంది. చలికాలపు కొండ అడవిలో పిట్టలు చూడడమంటే ఇలాంటి గుంపులకోసం ఓపికగా కాచుకోవడమే. నాలుగడుగులు వేసి, ఏమీ లేదని కారెక్కి పైకి పోయేవాళ్ళకు ఈ గుంపు ఎన్నడూ ఎదురుకాదు.

గుంపు రాకపోతే పండిన మర్రినో, జువ్వినో, రావినో వెతకండి. అడవి జువ్విచెట్లు ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు నెలల్లో కాస్తాయి కాబట్టి ఏదో ఒకటి పండి ఉంటుంది. చెట్టు కింద నేలమీద నమిలి పారేసిన పళ్ళు రాలి ఉంటే పైన భోజనాలు జరుగుతున్నట్టే. కాస్త దూరంగా, చెట్టుకు ఎదురుగా, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. పచ్చగువ్వలు వందల్లో ఉన్నా ఆకుల్లో కనపడవు, ఒకటి కదిలితే తప్ప. కొండగోరింకలు జంటలు జంటలుగా వచ్చి గొడవ చేస్తాయి. పికిలిపిట్టలు, వంగపండు పిట్టలు, కంసాలిపిట్ట బంధువులైన బార్బెట్లు ఎప్పుడూ ఉంటాయి. అదృష్టం బాగుంటే కొమ్ముకత్తిరి వస్తుంది. దాని రెక్కల చప్పుడు ముందు వినిపిస్తుంది, మనిషి రొప్పుతున్నట్టు హుష్ హుష్ మని. పెద్ద గింజల పళ్ళను మింగి దూరంగా తీసుకెళ్ళి వదిలేది అదే. అలా ప్రయాణం చేయని గింజలు చాలావరకు తల్లిచెట్టు నీడ కిందే చచ్చిపోతాయి.

తొమ్మిదిన్నర దాటాక అడవిలో పిట్టల సందడి తగ్గుతుంది. అప్పుడు టిఫిన్ చేసి పైకి వెళ్ళండి. మధ్యాహ్నమే శిఖరానికి సరైన వేళ. వాహనం చాలా ఎత్తు దాకా పోతుంది, చివర కాస్త నడక ఉంటుంది. కుంతి, యుధిష్ఠిరుడు, భీముడు, పేర్లు వింటేనే పాపకు ఉత్సాహం వస్తుంది. రాతిని రాతి మీద పేర్చి కట్టిన గుళ్ళు ఇవి, భీముడి గుడి కొసకొండ మీద ఉంటుంది. కళింగ గాంగ రాజులు తమ శాసనాల్లో ఈ కొండ మీది గోకర్ణస్వామినే కులదైవంగా కొలిచారు. రాజేంద్రచోళుడి శాసనం కూడా ఇక్కడ ఉంది. పరశురాముడు తపస్సు చేసింది ఈ కొండ మీదే అని మనవాళ్ళ నమ్మకం. పాపకు ఈ కథలన్నీ దారిలోనే చెప్పి పెట్టుకోండి, పైకి వెళ్ళాక గాలికి మాట వినిపించదు. ఎండ పొద్దెక్కి గాలి వేడెక్కాక పెద్ద రెక్కల పక్షులు పైకి లేస్తాయి. గుండ్రంగా తిరుగుతూ సన్నగా ఈల వేసేది పాముగద్ద, కింది నుంచి చూస్తే రెక్క అంచున వెడల్పాటి తెల్లపట్టీ కనిపిస్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. బరంపురంలో చలి లేదు కదా అని స్వెట్టరు మానకండి, పైన గాలి కోసేస్తుంది.

మూడున్నరకు మళ్ళీ అదే నడుము అడవికి దిగండి. సూర్యుడు ఐదుంపావు దాటగానే అస్తమిస్తాడు. ఐదింటికి కారులో ఉండాలి, ఇది ఖాయం. చీకటి పడే వేళ ఎలుగుబంటి పుట్టలు తవ్వడానికి బయలుదేరుతుంది. దానికి చూపు మందం, మనుషులు చాలా దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలిసిన క్షణంలో మీద పడుతుంది. మలుపుల దగ్గర ముందు నుంచే కాస్త గట్టిగా మాట్లాడుకుంటూ నడవడం మంచిది. పిట్టలు చెదిరితే చెదరనివ్వండి.

అత్తగారిని ఇంట్లో వదిలి రావద్దు. ఆమె కోసం ఒక మడత కుర్చీ, శాలువా, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. వాగు దగ్గర కారు ఆపిన చోటే కుర్చీ వేసి కూర్చోబెట్టండి, డ్రైవరు కారు దగ్గరే ఉంటాడు. నేను చాలాసార్లు గమనించిన సంగతి చెబుతాను. మూడు గంటలు అటూ ఇటూ నడిచినవాళ్ళకంటే నీటి పక్కన కదలకుండా కూర్చున్నవాళ్ళకే ఎక్కువ కనిపిస్తాయి. పొద్దు కాస్త ఎక్కాక పిట్టలు నీళ్ళు తాగడానికీ స్నానానికీ ఒక్కొక్కటే దిగుతాయి. ముదురు నీలి రంగు విజిలింగ్ థ్రష్ రాతి మీద తోక విప్పుతూ ముడుస్తూ నిలబడుతుంది. తెల్లవారకముందు మనిషి ఈల వేసినట్టు ఏ రాగమూ పూర్తి చేయకుండా పాడేది అదే. మీరు నడక నుంచి తిరిగి వచ్చేసరికి ఆమె మీకే పాఠం చెబుతారు. గుళ్ళ దగ్గర చివరి మెట్లు మాత్రం ఎక్కించకండి, రోడ్డు దాకా వచ్చినా దర్శనం చేసుకున్నట్టే అని చెప్పండి.

మూడో రోజు కొత్త చోటు వెతుక్కోకండి. ఉదయం మళ్ళీ అదే వాగు, అదే కిలోమీటరు. ముందు రోజు ఆకుపచ్చ మరకలుగా కనిపించినవి ఈ రోజు పేర్లతో కనిపిస్తాయి. పది దాటాక బయలుదేరి తిరుగుదారి మార్చండి. ఆర్. ఉదయగిరి, మోహనా మీదుగా వెళ్తే చంద్రగిరి దగ్గర జీరంగ్ బౌద్ధ విహారం వస్తుంది, 2010లో దలైలామా ప్రారంభించారు. 1960ల నుంచి అక్కడ టిబెటన్లు స్థిరపడి ఉన్నారు, మొక్కజొన్న పొలాల మధ్య ప్రార్థనా జెండాలు ఎగురుతుంటాయి. ఇంకా ముందుకు వస్తే తప్తపాణి వేడినీటి బుగ్గ. అత్తగారి మోకాళ్ళకు ఆ నీళ్ళు హాయిగా ఉంటాయి. ఘాట్ రోడ్డు, నెమ్మదిగా వెళ్ళాలి, పాపకు వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోండి.

గైడు విషయం. దిగువ ఊళ్ళ నుంచి అడవి బాగా తెలిసిన సవర యువకుణ్ణి ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. అటవీ సిబ్బందిని అడిగితే కలుపుతారు. కూలి ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి. ఇంగ్లిషు పేర్లు అతనికి తెలియకపోవచ్చు, కానీ ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో, ఏ పిట్ట ఏ వేళకు నీటికి దిగుతుందో తెలుసు. మీకు కావలసింది అదే. జీలుగుచెట్లు చూపించి కల్లు ఎలా తీస్తారో చెబుతాడు, దారిలో కొట్టేసిన చెట్టు కనపడితే ఎవరు కొట్టారో కూడా చెబుతాడు. పిట్ట పేరు సవర భాషలో ఏమంటారో అడిగి పాప చేత రాయించండి. మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు. వందేళ్ళు దాటినా మనం వాళ్ళ మాట ఒక్కటి నేర్చుకోకపోతే ఎలా?

బైనాక్యులర్ ఎనిమిది ఇంటూ నలభై రెండు కొనండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, నలభై రెండు అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. షాపువాడు పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు అని ఊరిస్తాడు. వద్దు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, నీడగా ఉండే అడవిలో మసకబారుతుంది. పాపకు ఎనిమిది ఇంటూ ముప్ఫై సైజు తేలికగా ఉంటుంది. ఒకటే కొనగలిగితే పాపకే కొనండి. వెళ్ళే ముందు రెండు వారాలు మీ డాబా మీద కాకుల మీద, గోరింకల మీద అలవాటు చేయించండి. కళ్ళు పిట్ట మీంచి తిప్పకుండా బైనాక్యులర్ను కళ్ళ దగ్గరికి తేవడం అసలు విద్య. అది కొండ మీద నేర్చుకుంటే ఒక పూట వృథా అవుతుంది. కెమెరా ఉంటే తెచ్చుకోండి, కొత్తగా కొనొద్దు. మొదటి ప్రయాణంలో కెమెరా చేతిలో ఉంటే కళ్ళు స్క్రీన్ మీదే ఉంటాయి.

ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకుని, మన దేశపు పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దింపుకోండి, కొండ మీద సిగ్నల్ నమ్ముకోవద్దు. కూత వినిపిస్తే పేరు చెబుతుంది. చెప్పిన పేరును సాక్ష్యంగా తీసుకోకండి, సూచనగా తీసుకోండి. పసుల పోలిగాడు ఇతర పిట్టల గొంతులు అచ్చంగా అనుకరిస్తుంది, యాప్ మోసపోతుంది. పిట్టను కళ్ళతో చూశాకే రాసుకోండి. ఇంటికి వచ్చాక జాబితా ఈబర్డ్‌లో, అంటే ఎవరు ఏ పిట్టను ఎక్కడ చూశారో నమోదు చేసే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. మీ ఒక్క ఉదయం జాబితా కూడా ఈ కొండ గురించిన లెక్కలోకి చేరుతుంది, గజపతి వైపు చూసి రాసేవాళ్ళు ఇంకా చాలామంది కావాలి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా చెబుతున్నాను, క్షమించండి. ఫోన్లో పిట్ట కూత పెట్టి పిట్టను బయటికి రప్పించవద్దు. తన హద్దులోకి ఎవరో వచ్చారనుకుని అది తిండి మానేసి కొట్లాటకు వస్తుంది. మీరు ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ పెడతారు. రోజుకు పదిసార్లు అలా బెదిరితే ఆ పిట్ట ఆ వాగునే వదిలేస్తుంది. గైడు పెడతానన్నా వద్దనండి. గూటి దగ్గరికి పోవడం, రాళ్ళేసి చెట్టు కదపడం, ఫ్లాష్ కొట్టడం కూడా అంతే.

బట్టలు మట్టిరంగువి, ముదురు ఆకుపచ్చవి, చేతులు నిండుగా కప్పేవి. తెలుపు, ఎరుపు వద్దు. పాత బూట్లు చాలు. నీళ్ళు, తిండి అంతా వెంట తీసుకెళ్ళి చెత్త అంతా వెనక్కి తెచ్చుకోండి. కోతులకు బిస్కెట్టు కూడా వేయకండి. దోమల మందు ఒంటికి రాసుకోండి. గజపతి కొండల్లో మలేరియా ఎప్పటినుంచో ఉన్నదే. తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుగారికి కొండకు వెళ్ళొచ్చామని ముందే చెప్పి మలేరియా పరీక్ష చేయించండి. గడ్డిలో కూర్చుని లేచాక పిడుదులు పట్టాయేమో పాప కాళ్ళు, మెడ చూడండి.

చివరగా వాతావరణం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ కొండల మీదికే ఎక్కింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు. అక్టోబరు, నవంబరుల్లో నేనెవరికీ ఇక్కడికి రమ్మని చెప్పను. డిసెంబరులో కూడా అప్పుడప్పుడు అల్పపీడనం పడుతుంది. బయలుదేరే రెండు రోజుల ముందు వాతావరణ శాఖ సూచన చూడండి. బంగాళాఖాతంలో ఏదైనా ఉందంటే ఘాట్ ఎక్కవద్దు. గది డబ్బులు పోతే పోనివ్వండి, తేలినీలాపురం ఒక్కటి చూసుకుని ఇంటికి వెళ్ళి జనవరిలో మళ్ళీ తేదీ పెట్టుకోండి.